డిగ్రీలో పురాతత్వం చదవాలంటే సీమ బిడ్డలు ఎక్కడికి వెళ్లాలి?

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల మొదటి వారంలో డిగ్రీ ప్రవేశాల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. చరిత్ర, పురాతత్వం (పురావస్తు శాస్త్రం) లాంటి సబ్జెక్టులకు ఆదరణ లేదని, ఉపాధి లేని కోర్సులకు గదులు, అధ్యాపకులు కేటాయించలేమని ఒక అధికారి అన్న మాటను మీ విలేకరి ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయకుండా అచ్చు వేశారు. ఇన్ని రోజులు గడిచినా ఎవరూ దానిని ఖండిస్తూ రాయకపోవడంతో, హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన నేను రాయవలసి వచ్చింది.

ఒక కోర్సును పెట్టి, పాఠం చెప్పేవారిని వేసి, నాలుగేళ్లు నిజాయితీగా నడిపిన తర్వాత కూడా పిల్లలు చేరకపోతే అప్పుడు ఆదరణ లేదనవచ్చు. మా బంధువుల అమ్మాయి ఇంటర్ హెచ్.ఇ.సి. మంచి మార్కులతో పూర్తి చేసి, పురాతత్వం చదువుతానని పట్టుబట్టింది. అడిగిన కాలేజీల్లో ఎక్కడా డిగ్రీలో ఆ సబ్జెక్టు లేదన్నారు. చివరకు ఒక కాలేజీలో చరిత్ర ప్రధాన సబ్జెక్టుగా (మేజర్‌గా) చేరితే, చాలినంత మంది లేరని ఆ విభాగాన్నే నిలిపివేసి, పిల్లలను వేరే కోర్సులకు మారమన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇష్టం లేని బీకాం చదువుతోంది. అధికారుల లెక్కలో ఆమె కూడా చరిత్రను కాదని వాణిజ్యశాస్త్రాన్ని కోరుకున్న విద్యార్థినే అవుతుంది.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురాతత్వ శాఖ ఉన్నదని, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఉన్నదని నాకు తెలుసు. అవి ప్రధానంగా పీజీకి, పరిశోధనకు ఉద్దేశించినవి. డిగ్రీ మూడేళ్లూ మరేదో చదివి వచ్చిన పిల్లలకు రెండేళ్లలో తవ్వకం, లిపి, చట్టం, పరిరక్షణ అన్నీ నేర్పాలంటే అక్కడి ఆచార్యులు మాత్రం ఏం చేయగలరు? బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో డిగ్రీ నుంచే పురాతత్వం చెబుతున్నారు. ఆ శాఖను తొలినాళ్లలో తీర్చిదిద్దినవారు మన పొరుగున ఉన్న బళ్లారి ప్రాంతపు శిలాయుగం మీద పరిశోధన చేసిన తెలుగువారు బెండపూడి సుబ్బారావు గారు. మనవారు ఎక్కడో గుజరాత్‌లో నిలబెట్టిన చదువు మన దగ్గర లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

ఈ చదువుకు మన సీమ కంటే మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను న్యూబోల్డ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి 1844లోనే లోకానికి తెలియజేశాడు. 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వి ఎముకల శిలాజాలను వెలికితీశారు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొర నేటికీ కనిపిస్తుంది. ఆ పొరకు కిందా పైనా కూడా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో అంతర్జాతీయ పరిశోధకుల బృందం ప్రకటించినప్పుడు ప్రపంచమంతా మన పల్లె వైపు చూసింది. మనం మాత్రం ఆ బూడిదనే తవ్వి, శుభ్రం చేసే పొడుల తయారీకి అమ్ముకున్నాం. దాని విలువ ఏమిటో ఆ ఊరికి వెళ్లి చెప్పగల, అక్కడే పుట్టి చదువుకున్న మనిషి ఒక్కరైనా ఉండి ఉంటే ఆ నష్టం అంత దూరం పోయేది కాదని నా నమ్మకం.

పత్తికొండ వైపు వెళితే ఎర్రగుడి కొండ మీద అశోకుని శాసనాలున్నాయి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించారు. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతో పాటు చిన్న శిలాశాసనం కూడా ఒకేచోట ఉండడమే అరుదైతే, ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగడం మరింత అరుదు. లిపి శాస్త్రం నేర్చే విద్యార్థికి ఇంతకన్నా గొప్ప పాఠం ఉండదు. కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల తెలుగు శాసనం, చింతకుంటలో రాతి మీది చిత్రాలు, కళ్యాణదుర్గం వైపు పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన (బృహచ్ఛిలా) సమాధులు, హేమావతిలో నొళంబ రాజుల ఆలయాలు, ఇలా చెప్పుకుంటూ పోతే మీ పేజీ చాలదు. నందికొట్కూరు ప్రాంతంలోని శాతానికోటలో 1977 నుంచి 1980 వరకు తవ్వి, శాతవాహనుల కాలపు కోట పట్టణాన్ని బయటపెట్టారు. తర్వాత అది శ్రీశైలం జలాశయంలో మునిగింది. మునిగే ఆలయాల్లో కొన్నిటిని విప్పి, రాయి రాయికి అంకె వేసి కర్నూలు జగన్నాథగట్టు మీద తిరిగి నిలిపారు. అంత పెద్ద పని జరిగిన ఊళ్లో ఆ పనిని నేర్పే తరగతి ఒక్కటీ లేదు.

చదువుకున్న మనుషులు లేకపోతే ఏమవుతుందో మీ పత్రికలోనే తరచూ చూస్తున్నాం. గుప్తనిధుల పేరుతో పాడుబడిన శివాలయాల్లో నందులను పగలగొడుతున్నారు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వందలమంది తిరుగుతారు. ఆ వెతుకులాటలో, పూర్వం ఎవరో దాచిన, పది రూపాయల విలువ దాటిన నిధి ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నదని వారికి ఎవరూ చెప్పరు. జీర్ణోద్ధరణ పేరిట శాసనాల మీద సున్నం, ఎనామిల్ రంగు పూస్తారు, లేదా యంత్రంతో ఇసుక చిమ్మి రాయి పైపొరను లేపేస్తారు. ఎన్ని శతాబ్దాలుగానో నిలిచిన అక్షరాలు ఒక్క మధ్యాహ్నంలో పోతాయి. చేసినవారిలో చాలామందికి దురుద్దేశం ఉండదు, తెలియక చేస్తారు. తెలిసినవారు తమ పక్కన లేకపోవడమే అసలు లోపం.

ఇక ఉపాధి లేదన్న మాట. దేశంలో 3,693 కేంద్ర రక్షిత కట్టడాలు ఉంటే 248 చోట్ల మాత్రమే కాపలా ఉన్నదని 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో చెప్పింది. 92 రక్షిత కట్టడాల జాడే తెలియడం లేదని 2013లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపింది. అంటే పని లేక కాదు, ఆ పనికి మనుషులను నియమించక ఈ దుస్థితి. ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు చుట్టూ ఇల్లు కట్టుకోదలచిన ప్రతి కుటుంబానికీ ఈ చట్టంతో పని పడుతుంది. వారికి దానిని తెలుగులో వివరించి, దరఖాస్తు సరిగ్గా రాయించే వ్యక్తి మున్సిపల్ కార్యాలయంలో అవసరం కాదా? లేపాక్షి 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కింది. అసలు జాబితాలో చేరాలంటే వందల పుటల పత్రాలు, నిర్వహణ ప్రణాళిక సిద్ధం చేయాలి. గండికోటకు 2024లో కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో దారులు, దీపాలు, వసతులు వస్తాయి, సంతోషమే. కానీ ఏ గోడను ముట్టుకోరాదో, రోజుకు ఎందరిని లోపలికి అనుమతించాలో, జామా మసీదునూ మాధవరాయ ఆలయాన్నీ సందర్శకులకు ఎలా వివరించాలో తెలిసిన జమ్మలమడుగు పిల్లలను తయారు చేయకపోతే ఆ ఉద్యోగాలూ బయటివారికే పోతాయి.

పురాతత్వం, వారసత్వ నిర్వహణ అంటే రాజుల పేర్లు, తేదీలు బట్టీయం వేయడం అనుకుంటున్నారు కాబట్టే ఈ చులకన. మొదటి ఏడాది నుంచే విద్యార్థిని పొలాల వెంట నడిపించి, కుండ పెంకును చూసి కాలాన్ని అంచనా వేయడం నేర్పాలి. తడి కాగితం రాతికి అద్ది, మసితో శాసనం అచ్చు తీయడం, బ్రాహ్మీ నుంచి నేటి తెలుగు వరకు లిపి మారిన తీరు చదవడం నేర్పాలి. వస్తువు కోసం గుంత తీయడానికీ, పొరను బట్టి తవ్వి ప్రతి పొరనూ గీసి రాసి ఉంచడానికీ ఉన్న తేడా చేతితో చేసి తెలుసుకోవాలి. రాతి రసాయనం, సర్వే పరికరాలు, ఉపగ్రహ పటాలు, మ్యూజియం రిజిస్టరు, ప్రాచీన కట్టడాలపై 1958 నాటి చట్టం, పురావస్తువులపై 1972 నాటి చట్టం, ఊరివారితో మాట్లాడే పద్ధతి, ఇవన్నీ అందులో భాగాలే. సైన్సు, చట్టం, భాష కలిసి నడిచే ఇలాంటి చదువు డిగ్రీలో మరొకటి నాకు కనిపించదు.

దీనికి కోట్లు అక్కరలేదు. డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఇప్పటికే తప్పనిసరి. నేను చూసిన ప్రాజెక్టు నివేదికల్లో చాలా వరకు ఒకరిది చూసి మరొకరు రాసినవే. ఆ సమయాన్నే ఊరూరా శాసనాల, వీరగల్లుల (పోరులో మరణించిన వీరుల స్మారక శిలల), పాత బావుల పట్టిక తయారు చేయడానికి వాడితే, రెండు మూడేళ్లలో ఉమ్మడి నాలుగు జిల్లాలకు నిజమైన వారసత్వ పట్టిక చేతికి వస్తుంది. ఇదే సీమలో మెకంజీ, బ్రౌన్ వంటి బ్రిటిష్ అధికారులు మన పల్లెల కథలను మనవారి చేతనే రాయించుకున్నారు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం వారి కాగితాల మీదే ఆధారపడుతున్నాం.

మన అలసత్వానికి ఇంకొక నిదర్శనం చెబుతాను. కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమాకు 2020 అక్టోబరులో ఇచ్చిన ప్రకటనలో అర్హతగా చూపిన ప్రాచీన భాషల్లో తమిళం లేదు, 2008లోనే ఆ హోదా పొందిన తెలుగూ లేదు. తమిళనాడు నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తాకే ప్రకటనను సవరించారు, అప్పుడే తెలుగుకూ చోటు దక్కింది. మదురై దగ్గరి కీళడి తవ్వకాలను తమిళులు తమ ఇంటి పండుగగా చేసుకుని, 2023లో అక్కడే మ్యూజియం తెరిచారు. జ్వాలాపురంలో కనీసం దారి చూపే బోర్డుకైనా మన ప్రజాప్రతినిధులు ఎవరైనా గట్టిగా పట్టుబట్టారా?

వచ్చే విద్యా సంవత్సరానికి కర్నూలు, అనంతపురం, కడపల్లో ఒక్కొక్క ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనైనా పురాతత్వం, వారసత్వ నిర్వహణ మేజర్‌ను ప్రారంభించాలని, తొలి నాలుగేళ్లు విద్యార్థుల సంఖ్య చూపి దానిని మూసివేయరాదని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. మీ పత్రికకూ ఒక విన్నపం. ఆ వార్తలో మాట్లాడిన అధికారిని మీ విలేకరి మళ్లీ కలిసి, ఈ కోర్సును డిగ్రీలో ఏ సంవత్సరం, ఏ కళాశాలలో పెట్టి చూశారో, ఎందరు దరఖాస్తు చేశారో అడగాలి. ఆయన ఇచ్చే జవాబును అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు.