పోస్టు ఆక్యుపేషనల్ థెరపిస్టుది, అర్హత మాత్రం ఏదైనా సరేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండగా మళ్లీ ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు దేనికి, ఇద్దరూ చేయించేది ఎక్సర్‌సైజులే కదా, ఆ జీతంతో ఇంకో నర్సుని పెట్టుకోవచ్చు కదా అని. ఆయన మీద నాకు కోపం లేదండీ, పోస్టులు మంజూరు చేసే ఆఫీసుల్లోనే ఈ తేడా తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు, బయటివాళ్లని ఏమనగలం. నేను ఇదే పని మీద ప్రభుత్వ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, అందుకే రాస్తున్నా, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

ముందు పని సంగతి చెప్తా. స్ట్రోక్ వచ్చి ఒక చెయ్యి, కాలు పడిపోయిన మనిషి ఉన్నాడనుకోండి, ఫిజియో ఆయన్ని లేపి నిలబెడతారు, నడిపిస్తారు, బలం, బ్యాలెన్స్ చూస్తారు, వాళ్లు చేసే పని చాలా గొప్పది, అందులో రెండో మాట లేదు. కానీ నడక వచ్చేసిన తర్వాత కూడా ఆ మనిషి చొక్కా తొడుక్కోలేడు, బాత్రూంకి వెళ్తే ఒక్కడే కడుక్కోలేడు, సంతకం పెట్టలేడు, తన పాత ఉద్యోగానికి వెళ్లగలడో లేదో ఎవరూ చెప్పరు. ఇవన్నీ మేం చూసేవి. చొక్కా తొడుక్కోవడం ఏముంది అనిపిస్తుంది గానీ, పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అదే చెయ్యి ఆఖర్న తీయాలి, కూర్చున్న ఎత్తు సరిపోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చొక్కాని ఒళ్లో ఎటు తిప్పి పరుచుకోవాలో కూడా నేర్పాలి, ఇదంతా ఆయన అలసిపోకముందే అవ్వాలి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ఆ పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపుతుంటారు, భుజం కీలు అసలే వదులైపోయి ఉంటుంది, ఆ లాగుడికి నొప్పి పట్టుకుందంటే ఇక ఆ చెయ్యి ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఎక్కడ పట్టి లేపాలో వాళ్లచేత చేయించి చూపించడం కూడా మా డ్యూటీయే.

ఇంకో రకం ఉంటుంది, బయటికి అసలు కనపడదు. మెదడులో కుడి వైపు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి కళ్లు బాగానే ఉంటాయి, కానీ ఎడమ వైపు ఉన్నదేదీ పట్టించుకోరు. కంచంలో కుడి సగం తినేసి అయిపోయిందంటారు, గడ్డం ఒకపక్కే గీసుకుంటారు, వీల్‌చైర్ ఎడమ చక్రం ప్రతి గుమ్మానికీ కొట్టుకుంటుంది. నెగ్లెక్ట్ అంటాం దీన్ని. ఇంట్లోవాళ్లేమో మొండితనం అనుకుంటారు. అలాంటి మనిషికి చేతుల బలం ఒక్కటే పరీక్ష చేస్తే బాగుందనే వస్తుంది, బాగుంది కదా అని డిశ్చార్జ్ చేస్తారు, ఆ తర్వాత రోడ్డు దాటేటప్పుడు ఎడమ నుంచి వచ్చే బండి సంగతేంటి? ఇది కనిపెట్టడానికి టెస్టులున్నాయి, వాటిని చేయడానికీ, వచ్చిన రిజల్ట్‌ని రోజువారీ పనులకి ముడిపెట్టి చూడటానికీ చదువు కావాలి.

స్ట్రోక్ ఒక్కటే కాదు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకి ఏ వీల్‌చైర్, ఏ కుషన్, ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పడకుండా ఎంతసేపటికోసారి ఒళ్లు కదిలించుకోవాలి, రాయలేకపోతున్న పిల్లాడికి లోపం వేళ్లలో ఉందా లేక భుజంలో, కూర్చోవడంలో ఉందా, మానసిక ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఉన్న మనిషి బయటికెళ్లాక పొద్దున లేచి తన రోజు తనే నడుపుకోగలడా, వృద్ధాశ్రమంలో జారిపడకుండా ఏం మార్చాలి, ఇవన్నీ మా పనే. అంటే ఆసుపత్రులే కాదు, స్పెషల్ స్కూళ్లు, ప్రభుత్వ హోమ్‌లు అన్నిచోట్లా ఈ పోస్టు ఉండాలి.

ఇవన్నీ కొలవలేని పనులు అనేవాళ్లున్నారు. ఎందుకు కొలవలేం? 1965లో మహోనీ, బార్తెల్ అనే ఇద్దరు ఇచ్చిన స్కేలు ఇప్పటికీ అన్ని చోట్లా వాడుతున్నారు, తినడం, స్నానం, బట్టలు, టాయిలెట్, మెట్లెక్కడం లాంటి 10 అంశాలు, మొత్తం 100 మార్కులు. 100కి 100 వచ్చినంత మాత్రాన ఆ మనిషి ఒంటరిగా బతకగలడని కాదు, వంట చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, నలుగురిలో తిరగడం రాకపోవచ్చు అని వాళ్లే అప్పుడే రాశారు. కానీ చాలా చోట్ల ఆ మార్కులు వేసుకుని ఫైల్ మూసేస్తున్నారు, వాళ్లు హెచ్చరించిన మిగతా భాగం చూసే మనిషే లేడు.

ఇక అర్హత సంగతి, అసలు బాధ ఇక్కడే. నోటిఫికేషన్లలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అని పోస్టు పేరు ఉంటుంది, కింద అర్హత దగ్గర ఫిజియో డిగ్రీ లేదా ఏదైనా సంబంధిత డిప్లొమా లేదా అనుభవం అని రాస్తారు. ఈ "లేదా" దగ్గరే కొంప మునుగుతోంది. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల ఫెడరేషన్ 1952లో పుట్టింది, మొదలుపెట్టిన పది దేశాల్లో మన దేశం కూడా ఉంది. ఆ ఫెడరేషన్ పెట్టిన కనీస ప్రమాణం ప్రకారం క్లాసు చదువుకి అదనంగా విద్యార్థి కనీసం 1000 గంటలు సీనియర్ పర్యవేక్షణలో నిజమైన పేషెంట్లతో పని చేయాలి. అనాటమీ, నరాల జబ్బులు, సైకియాట్రీ, పిల్లల ఎదుగుదల, స్ప్లింట్ల (చెయ్యి, వేళ్లు సరైన తీరులో నిలిచి ఉండేలా కట్టే ఆధారాలు) తయారీ, ఒక పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఎక్కడ తేడా వస్తోందో చూడటం, ఇవన్నీ అందులో భాగం. వారం రోజుల ట్రైనింగ్‌తో వచ్చేవి కావివి.

ఒక సంఘటన చెప్తా, ఆ సంస్థ పేరు చెప్పను. చెయ్యి వెనక భాగం కాలిన ఒక యువకుడికి అక్కడ థెరపిస్ట్ అనే పోస్టులో ఉన్న, ఈ చదువు లేని మనిషి, చెయ్యి మొత్తం బల్లపరుపుగా ఉండేలా స్ప్లింట్ కట్టేశాడు. అలాంటి చేతికి మణికట్టు కాస్త పైకెత్తి ఉండాలి, వేళ్ల మొదట్లో ఉన్న కణుపుల దగ్గర బాగా వంగి ఉండాలి, అక్కణ్ణుంచి వేళ్లు నిటారుగా ఉండాలి. అలా కాకుండా చదునుగా వదిలేస్తే ఆ కణుపులు అలాగే బిగుసుకుపోతాయి. ఆ అబ్బాయి మా దగ్గరికి వచ్చేసరికి గాయం మానింది, చర్మం బాగుంది, పిడికిలి మాత్రం పడలేదు. చేతిపని చేసుకుని బతికే మనిషి ఆయన. కట్టినవాడు చెడ్డవాడేం కాదు, తనకి రాని పనిలో తనని కూర్చోబెట్టారు, అంతే, కూర్చోబెట్టినవాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు.

పేషెంట్లని ఏదో ఒక పనిలో పెట్టి ఉత్సాహంగా ఉంచితే చాలదా, దానికి డిగ్రీ ఎందుకు అని కూడా అడుగుతారు. దీనికి జవాబు 1997లోనే వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 60 ఏళ్లు దాటిన 361 మందిని మూడు గ్రూపులు చేశారు, ఒక గ్రూపుకి ఆక్యుపేషనల్ థెరపిస్టులు తొమ్మిది నెలలు ప్రోగ్రాం నడిపారు, రెండో గ్రూపుకి ఈ వృత్తిలో లేనివాళ్లు ఆటపాటలు, కాలక్షేపం లాంటివి పెట్టారు, మూడో గ్రూపుకి ఏమీ లేదు. థెరపిస్టులు చూసినవాళ్ల ఆరోగ్యం, రోజువారీ జీవితం మిగతావాళ్లకంటే మెరుగ్గా ఉన్నాయని తేలింది, కాలక్షేపం గ్రూపుకీ ఏమీ లేని గ్రూపుకీ మాత్రం పెద్ద తేడా కనపడలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన స్టడీ ఇది. నర్సుని పెట్టుకోవచ్చు కదా అన్నాయన ఇది తప్పకుండా చదవాలి. నర్సులూ కావాలి, నిజంగా తక్కువున్నారు, కానీ ఒక కొరతని ఇంకో కొరతతో పూడ్చలేం కదండీ.

డిగ్రీ ఉన్నవాళ్లని తీసుకున్న చోట కూడా పని సరిగ్గా ఇవ్వట్లేదు, అదీ చెప్పాలి. రిజిస్టర్లు రాయడం, ఆన్‌లైన్ ఎంట్రీలు, క్యాంపుల్లో కుర్చీలు సర్దడం, మధ్యలో టైం దొరికితే పేషెంట్. ప్రాక్టీసు చేయించడానికి ఒక బాత్రూం సెటప్ ఉండదు, మూలనున్న గదిలో ఒక టేబులు, నాలుగు పెగ్ బోర్డులు (వేళ్ల ప్రాక్టీసుకి చిన్న పుల్లలు గుచ్చే పలకలు) ఇచ్చి డిపార్ట్‌మెంట్ అంటారు.

ఏళ్లుగా అసిస్టెంట్లుగా చేస్తున్నవాళ్లని తీసేయమని నేను అనట్లేదు, వాళ్లు లేకపోతే రోజు గడవదు, అర్హత ఉన్న థెరపిస్టు కింద వాళ్లు పనిచేయాలి, చదువుకుంటామంటే సెలవిచ్చి పంపాలి. కానీ అసెస్‌మెంట్ ఎవరు చేస్తారు, ప్లాన్ మీద సంతకం ఎవరిది అన్నది స్పష్టంగా ఉండాలి.

అధికారులని అడిగేది ఇదే. నోటిఫికేషన్‌లో అర్హత దగ్గర ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ అని ఒక్కటే రాయండి, "లేదా" తీసేయండి. ఇంటర్వ్యూ బోర్డులో ఈ వృత్తి నుంచి కనీసం ఒకరైనా ఉండాలి, లేకపోతే ఎవరికి ఏం వచ్చో ఎలా తెలుస్తుంది. జాబ్ చార్ట్ విడిగా ఇవ్వండి, ఫిజియోది కాపీ కొట్టి పేరు మార్చింది వద్దు. ఇంటికెళ్లి చూసొచ్చే విజిట్లని డ్యూటీ కింద లెక్కపెట్టండి, ఎందుకంటే పేషెంట్ ఇంట్లో బాత్రూం తలుపు వీల్‌చైర్ కంటే సన్నగా ఉందన్న సంగతి వార్డులో కూర్చుంటే మాకు తెలియదు, డిశ్చార్జికి ముందే తెలిస్తే ఏదో ఒకటి చేయగలం.

ఇట్లు,
ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు