మథుర హోలీకి తిథి చూసి టికెట్ తీసుకోండి

సంపాదకులు గారికి,

హోలీ దగ్గరపడగానే మన పత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. ఆడవాళ్లు వెదురు కర్రలు ఎత్తి కొడుతుంటే తలపాగాలు చుట్టుకున్న మగవాళ్లు డాళ్లు అడ్డం పెట్టుకుని కింద కూర్చుని ఉంటారు. అది చూసి ఎందరో హోలీ సెలవు నాటికి మథుర చేరేలా టికెట్లు తీసుకుంటారు. అక్కడ దిగాక తెలుస్తుంది, ఆ ఆట వారం కిందటే అయిపోయిందని. 2024లో హోలీ మార్చి 25న వస్తే మథుర దగ్గరి బర్సానా ఊళ్లో ఆ కర్రల ఆట, అంటే లఠ్‌మార్ హోలీ, మార్చి 18నే జరిగింది. 2025లో హోలీ 14న, బర్సానాది 8న. ఫొటో కింద తిథి వేస్తే ఇన్ని వేల రూపాయలు వృథా కావు. అందుకే ఈ లేఖ.

మథుర చుట్టుపక్కల కృష్ణుడి ఊళ్లున్న వ్రజభూమిలో ఒక్కో ఊరికి ఒక్కో తిథి. ఫాల్గుణ శుద్ధ అష్టమి సాయంత్రం బర్సానా కొండ మీది శ్రీజీ (రాధ) గుడిలో లడ్డూలు విసురుకునే లడ్డూ హోలీ. నవమి నాడు నందగావ్ మగవాళ్లు బర్సానాకు వచ్చి దెబ్బలు తింటారు. దశమి నాడు బర్సానా వాళ్లు నందగావ్ వెళ్లి తింటారు. ఏకాదశికి బృందావనంలో బాంకే బిహారీ గుడి రంగుల్లో మునుగుతుంది. ద్వాదశి నాడు గోకులంలో ఛడీమార్. అక్కడ కృష్ణుడు పసివాడు కాబట్టి పెద్ద కర్రలు పట్టరు, సన్నటి బెత్తాలే. (గోకులం గుళ్లలో సాగేది వల్లభాచార్యుల సంప్రదాయం, ఆయన పూర్వులు తెలుగువారు. మనవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలియకుండానే తిరిగి వస్తారు.) పున్నమి రాత్రి హోలికా దహనం, మర్నాడు మనకు సెలవిచ్చే హోలీ, అక్కడి మాటలో ధులేండీ. ఆ మర్నాడు బల్‌దేవ్ ఊళ్లోని దావూజీ (బలరాముడి) గుడిలో హురంగా, అంటే ఆడవాళ్లు మగవాళ్ల బట్టలు చింపి వాటితోనే కొట్టే ఆట.

శుద్ధ తిథులు వాళ్ల పంచాంగంలోనూ మన పంచాంగంలోనూ ఒకటే కాబట్టి నవమి, దశమి దగ్గర తికమక ఉండదు. పున్నమి దాటితేనే చిక్కు. వాళ్లకు చైత్రం మొదలవుతుంది, మనకు ఇంకా ఫాల్గుణ బహుళమే. హిందీ కరపత్రంలో హురంగా ‘చైత్ర కృష్ణ ద్వితీయ’ అని చూసి మన చైత్ర మాసంలో వెతుక్కుంటే నెల రోజులు తప్పిపోతుంది. మన లెక్కలో అది ఫాల్గుణ బహుళ విదియ.

రైళ్లలో ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. రెండు చాంద్రమాసాలంటే 59 రోజులు. కాబట్టి ఫాల్గుణ శుద్ధ సప్తమి నాడు బండెక్కాలంటే పుష్య శుద్ధ సప్తమికి కాస్త అటూ ఇటూగా ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుచుకుంటుంది. బల్హార్షా, నాగ్‌పూర్, భోపాల్, ఝాన్సీ మీదుగా ఢిల్లీ వెళ్లే దారిలో ఆగ్రా దాటగానే మథుర. అన్ని బండ్లూ అక్కడ ఆగవు. ఆగని బండి అయితే ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగాలి. ఢిల్లీ దాకా పోయి వెనక్కి రావడం ఒక పూట దండగ.

అష్టమి నుంచి ఏకాదశి దాకా ఒక ప్రయాణం, పున్నమి నుంచి విదియ దాకా ఇంకొకటి. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. నాలుగు రోజుల్లో అన్నీ చూపిస్తామనే టూర్ ప్రకటనలు నమ్మవద్దు, తిథులే అందుకు ఒప్పుకోవు.

బర్సానా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మథుర నుంచి సుమారు 45 కిలోమీటర్లు. నవమి నాడు పొద్దెక్కేకొద్దీ పోలీసులు వాహనాలను ఊరికి చాలా దూరంలోనే ఆపేస్తారు, మిగతాది నడకే. మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు బారికేడ్ల దగ్గరే సాయంత్రం చేస్తారు. తెల్లవారుజామునే చేరాలి, వీలైతే ముందు రాత్రి అక్కడే ఉండాలి. నందగావ్ వాళ్లు ముందు పీలీ పోఖర్ కోనేటి దగ్గర ఆగి తలపాగాలు చుట్టుకుంటారు, తర్వాత కొండెక్కి గుడికి వెళతారు. అక్కడ రెండు ఊళ్ల వాళ్లూ కూర్చుని వ్రజభాషలో పాడుకునే సమాజ్ గాయన్ అన్నిటికన్నా గొప్పది. కెమెరాలు పట్టుకున్నవాళ్లు దాన్ని వదిలేసి కింద రంగీలీ గలీ అనే సందులో చోటు కోసం తోసుకుంటారు. కర్రల ఆట అక్కడ సాయంత్రం మొదలై పొద్దుగూకేసరికి ముగుస్తుంది.

ఆడేది ఆ రెండు ఊళ్ల వాళ్లే. తలకు ఏం చుట్టుకోవాలో, డాలు ఎలా పట్టాలో వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. సరదాకి మధ్యలో దూరిన యాత్రికుడి తలే పగులుతుంది. డబ్బు కట్టి మేడ మీద చోటు తీసుకునేవాళ్లు ముందు పిట్టగోడ ఎత్తు చూసుకోవాలి, యాభై మంది ఎక్కాక ఆనుకుని నిలబడకూడదు. 2024 లడ్డూ హోలీ నాడు గుడి మెట్ల దగ్గర రెయిలింగ్ విరిగి భక్తులు గాయపడ్డారు. దిగే జనానికి ఎదురుగా ఎప్పుడూ మెట్లెక్కవద్దు.

బాంకే బిహారీ సందులు ఇంకా ఇరుకు. 2022 కృష్ణాష్టమి రాత్రి ఆ గుడిలో రద్దీకి ఊపిరాడక ఇద్దరు చనిపోయారు. ఏకాదశి నుంచి పసిపిల్లల్నీ, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లనూ అక్కడికి తీసుకెళ్లవద్దు. వాళ్లకు బృందావనంలోనే రంగ్‌జీ గుడి ఉంది. ద్రావిడ పద్ధతిలో కట్టిన గోపురాలు, గోదా రంగమన్నార్లు, విశాలమైన ప్రాకారాలు. హోలీ అయిన కొద్ది రోజులకే అక్కడ బ్రహ్మోత్సవాలు, రథోత్సవం.

ఆడవాళ్ల విషయం దాచకుండా రాయాలి. రంగు పేరుతో ఒంటి మీద చేతులు వేసే గుంపులు అక్కడున్నాయి, ముఖ్యంగా ధులేండీ ఉదయం సందుల్లో. ఒంటరిగా వెళ్లవద్దు. నలుగురైదుగురు కలిసి గోడ వైపు నడవాలి, లేదా మేడ మీద నుంచి చూడాలి. ముదురు రంగు మందపాటి బట్టలు మేలు, తెల్లటివి తడిస్తే ఒంటికి అంటుకుపోతాయి. అత్యవసరానికి 112, మహిళలకు ఉత్తరప్రదేశ్‌లో 1090.

గుళ్లలో చల్లే నారింజ రంగు టేసూ పూలది, అంటే మన మోదుగ పూలే. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి కాచేదీ అదే. వంద గ్రాముల ఎండు పూలు రెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి వడకట్టాలి. గోరంత సున్నం వేస్తే ఎరుపు తిరుగుతుంది, ఎక్కువైతే కళ్లు మండుతాయి. బజారు సందుల్లో చల్లేది అది కాదు. మిలమిలలాడే పొడుల్లో అభ్రకం ఉంటుంది, వెండి రంగు అయితే పెయింటే. బయల్దేరే ముందు ఒళ్లంతా, చెవుల వెనకా, గోళ్ల కిందా కొబ్బరి నూనె రాసుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు గదిలోనే తీసేయాలి. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో కడగాలి. కళ్లజోడుకు తాడు కట్టుకోవాలి, బృందావనం కోతులు చూస్తుండగానే లాక్కుపోతాయి. హోలీ మార్చి మొదట్లో వస్తే సాయంత్రం చలి వేస్తుంది, పొడి బట్టలు ఒక జత వెంట ఉండాలి.

ఠండాయి (పాలతో చేసే చల్లటి పానీయం) అడిగేటప్పుడు ‘సాదా’ అని స్పష్టంగా చెప్పాలి. భంగు కలిపినది తాగిన వెంటనే ఏమీ తెలియదు. గంట, గంటన్నర తర్వాత ఎక్కుతుంది. ఏమీ కాలేదనుకుని రెండో గ్లాసు తాగినవాళ్లే పడిపోతారు.

తిరుగు ప్రయాణం ధులేండీ ఉదయానికి పెట్టుకోవద్దు. మధ్యాహ్నం దాకా ఆటోలు దొరకవు, ఢిల్లీ మెట్రో కూడా హోలీ నాడు రెండున్నరకు గానీ నడవదు.

మీ పంచాంగం శీర్షిక పక్కన ఈ ఊళ్లూ తిథులూ ఒక చిన్న పట్టికగా వేయండి. ఫాల్గుణంలో వేస్తే చూసి బాధపడటానికే పనికొస్తుంది, అప్పటికి రైళ్లు నిండిపోతాయి. పుష్యం మొదటి వారంలో వేయండి.

ఇట్లు,
ఉత్తరాది యాత్రలు నడిపే మీ పాఠకులు,
వరంగల్