అంకుడు కర్ర ఆటవస్తువులు: సభ్యులకు ఒక మనవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. ఇండస్ట్రియల్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్న మా తమ్ముడి కూతురు, పిల్లల ఆటనూ పర్యావరణాన్నీ దృష్టిలో పెట్టుకుని చేస్తున్న రెండు ప్రాజెక్టులకు మీ సహకారం కోరుతున్నాను.

మొదటిది ఏటికొప్పాక పద్ధతిలో చేసిన లక్కపిడతల సెట్టు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. లేత్ మిషన్ మీద గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. మూతలన్నీ ఒకే కొలతలో ఉండేలా మా అమ్మాయి రూపొందించింది కనుక, ఒకటి విరిగినా సెట్టంతా పారేయనక్కర్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రెండవది పాత నూలు చీరలతో కుట్టిన, మడిచి పెట్టుకోగల వామనగుంటల పట్ట. పద్నాలుగు గుంటలు, చింతగింజలు.

మీ ఇంట్లో చిరిగిన నూలు చీరలుంటే దయచేసి ఇవ్వండి. ఆరేళ్లు దాటిన పిల్లలను ఆదివారం సాయంత్రం మా ఇంటికి పంపితే, వారు ఆడుతుండగా చూసి లోపాలు సరిచేసుకుంటుంది. గింజలు మింగే ప్రమాదం ఉన్నందున అంతకన్నా చిన్నవారిని పంపవద్దని మనవి.