అమ్మకాలు కాదు, ఆర్డరుకు మిగిలేదెంత?

సంపాదకులకు,

ఆన్‌లైన్ వ్యాపారం చేసే కంపెనీల ఫలితాలు రాగానే మదుపరులు మొదట చూసేది అమ్మకాలు ఎంత శాతం పెరిగాయన్నదే. 1999లోనూ అదే చూశారు. 2000 మార్చి 10న 5,048 వద్ద ముగిసిన అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2002 అక్టోబరుకల్లా 1,114కి పడిపోయింది. ఆన్‌లైన్‌లో పెంపుడు జంతువుల సరుకులు అమ్మిన పెట్స్ డాట్ కామ్ 2000 ఫిబ్రవరిలో షేరు 11 డాలర్లకు అమ్మింది, నవంబరులో మూతపడింది. బరువైన పెంపుడు జంతువుల తిండి సంచుల్ని కొన్న ధర కన్నా తక్కువకు అమ్మితే, ఆర్డర్లు పెరిగేకొద్దీ పెరిగేది నష్టమే.

ఒక్క ఆర్డరు లెక్క వేసి చూడండి. 100కి అమ్మిన సరుకు కొన్న ధర 75, గిడ్డంగి, ప్యాకింగ్ 6, డెలివరీ 9, కార్డు రుసుము 2 అనుకుందాం. మిగిలేది 8. ఆ కొనుగోలుదారుణ్ని రప్పించడానికి ప్రకటనలకు 20 ఖర్చయితే మూడో ఆర్డరుకు తిరిగొస్తుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ అయిదింటిలో ఒకటి వాపసు వస్తే? సరుకు చెడకపోయినా ఆ ఒక్కదానిమీద ప్యాకింగ్, డెలివరీ, కార్డు రుసుము, తిరుగు రవాణా 9 కలిపి 26 పోతుంది. మిగతా నాలుగింటిలో మిగిలింది 32. అంటే అయిదు ఆర్డర్లకు కలిపి 6. ఆ 20 రాబట్టడానికి పదిహేడు ఆర్డర్లు కావాలి! వాపసుల శాతం చెప్పని కంపెనీ లెక్కను నేను నమ్మను.

ఇతర వ్యాపారులు తమ సరుకు అమ్ముకునే సైటయితే, ‘వేదికపై జరిగిన మొత్తం అమ్మకం’ కంపెనీ ఆదాయం కాదు, అందులో కమీషన్ మాత్రమే దానిది. ఉద్యోగులకిచ్చిన షేర్ల ఖర్చును పక్కనపెట్టి చూపే ‘సర్దుబాటు లాభం’తోనూ జాగ్రత్త.

అలాగని షేరు పడిన ప్రతి కంపెనీ వట్టిపోయిందనీ కాదు. 1999 డిసెంబరులో వంద డాలర్లు దాటిన అమెజాన్ షేరు 2001 సెప్టెంబరులో 6 డాలర్ల లోపుకు జారింది. అయినా ఆ ఏడాది చివరి త్రైమాసికంలో కంపెనీ తొలిసారి 50 లక్షల డాలర్ల నికర లాభం చూపింది. దాని వ్యాపారంలో కొనుగోలుదారు డబ్బు వెంటనే వస్తుంది, సరఫరాదారుకు చెల్లింపు తర్వాత. పైగా పతనానికి ముందే, 2000 ఫిబ్రవరిలో, బాండ్లమీద (అప్పు పత్రాలమీద) 69 కోట్ల యూరోలు తెచ్చిపెట్టుకుంది. అమ్మకాలు ఆగితే మాత్రం ముందు డబ్బు, తర్వాత చెల్లింపు అన్న ఈ వెసులుబాటు తిరగబడుతుంది: పాత బిల్లులు వచ్చి పడతాయి, కొత్త డబ్బు రాదు.

అందుకే మీ వాణిజ్య పేజీలో త్రైమాసిక ఫలితాలు వేసేటప్పుడు అమ్మకాల పక్కనే వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు, చేతిలో మిగిలిన నగదు కూడా వేయండి. చేతిలో ఉన్నదాన్ని మూడు నెలల్లో కరిగినదానితో భాగిస్తే ఎన్ని త్రైమాసికాలు నిలబడుతుందో పాఠకుడే లెక్కగట్టుకోగలడు.

ఇట్లు,
ఒక పాఠకుడు