రెండో ఎడిషన్‌లో ఎక్స్‌పీ దేనికిస్తున్నాం, మీరడిగినవాటిలో ఏవి మార్చాం, ఏవి మార్చలేదు

నమస్తే అండి అందరికీ. మన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో క్యారెక్టర్‌ని నడిపిస్తూ డైస్‌తో ఆడే ఆట) రెండో ఎడిషన్ ఎక్కడిదాకా వచ్చిందని చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ రెండు ముక్కలు రిప్లై ఇచ్చేకంటే అందరికీ ఒకేసారి వివరంగా చెప్తే నయం అనిపించింది. రూల్స్ వరకు పని అయిపోయింది. రాక్షసుల చాప్టర్ మాత్రం మొదట్నుంచి తిరగరాస్తున్నాం, అందుకే బుక్ ముందు చెప్పినదానికంటే లేటవుతుంది. ఎందుకు తిరగరాస్తున్నామో చెప్పాలంటే మీలో ఎక్కువమంది అడిగిన మూడు మార్పుల గురించి చెప్పాలి: రాక్షసుల్ని చంపితే ఎక్స్‌పీ (క్యారెక్టర్ లెవెల్ పెరగడానికి కావాల్సిన అనుభవం పాయింట్లు) ఇవ్వమన్నారు, కొట్టిన దెబ్బ మిస్సయ్యే రూల్ తీసెయ్యమన్నారు, క్యారెక్టర్ చావకుండా చూడమన్నారు. మూడిట్లో ఒక్కదానికి కూడా పూర్తిగా సరే అనలేదు. డబ్బు పెట్టి కొనేది మీరు కాబట్టి కారణం బుక్ చేతికొచ్చాక కాదు, ఇప్పుడే తెలియాలి.

ముందు ఎక్స్‌పీ సంగతి, ఎందుకంటే నాకు మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. 1974లో ఈ తరహా ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచే అందులో ఎక్స్‌పీలో పెద్ద వాటా నిధి నుంచి వచ్చేది, బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు. దాని 1981 బేసిక్ రూల్స్ తీసుకుంటే ఫైటర్ (ఆయుధం పట్టి కొట్లాడే క్యారెక్టర్) రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే 2,000 పాయింట్లు కావాలి, ఒక గోబ్లిన్‌ని, అంటే ఒక చిన్న రాక్షసుణ్ణి, చంపితే వచ్చేది 5. అంటే తన వాటాకి వచ్చే గోబ్లిన్లనే నమ్ముకుంటే 400 గోబ్లిన్లు చావాలి! అదే ఆట 2014 ఎడిషన్‌లో రెండో లెవెల్‌కి 300 పాయింట్లు చాలు, గోబ్లిన్‌కి 50 వస్తాయి, అంటే ఆరు గోబ్లిన్లతో పనైపోతుంది. రెండిట్లోనూ ఉన్నది గోబ్లినే, ఎక్కేది రెండో లెవెలే, కానీ ఈ రెండు టేబుల్స్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఆడేది ఒకే ఆట కాదు. మొదటి టేబుల్లో గోబ్లిన్ ఒక ఆటంకం, దాన్ని తప్పించుకోవాలి, మోసం చెయ్యాలి, కుదిరితే లంచం ఇచ్చి పంపించెయ్యాలి, ఎందుకంటే కొట్లాటలో పోయేది ప్రాణం, వచ్చేది ఐదు పాయింట్లు. రెండో టేబుల్లో గోబ్లినే జీతం.

మధ్యలో ఏం జరిగిందంటే 1989లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్‌కి వచ్చేసరికి బంగారానికి ఎక్స్‌పీ అనేది ఇష్టమైతే వాడుకునే రూల్ అయిపోయింది, 2000లో మూడో ఎడిషన్ వచ్చాక పాయింట్లు ఎదుర్కొన్న ప్రమాదం ఎంత పెద్దదన్న లెక్క మీదకి వెళ్ళిపోయాయి. అది తప్పు అనను. హీరోల కథలు ఆడాలనుకునేవాళ్ళకి బంగారం లెక్కపెట్టుకోవడం చిరాకే, దుష్ట రాజుని ఎదిరించడానికి బయల్దేరినవాళ్ళు దారిలో వెండి కొవ్వొత్తి స్టాండ్లు సంచిలో వేసుకుంటుంటే కథ ఎక్కడికి పోతుంది చెప్పండి. కానీ మన గేమ్ హీరోల కథ కాదు, పాత శిథిలాల్లోకి దిగి ఏముందో చూసి ప్రాణాలతో బయటికొచ్చే మనుషుల గురించి. ఆ ఆటకి చంపితే పాయింట్లు అనే రూల్ పెడితే ఆట ఒక్క సాయంత్రంలో మారిపోతుంది. ఒకే అడ్వెంచర్‌ని రెండు రకాల ఎక్స్‌పీతోనూ ఆడించి చూశాం. చంపితే పాయింట్లున్న చోట పారిపోతున్న శత్రువుల వెంట పడి మరీ చంపారు, లొంగిపోయినవాళ్ళ విషయంలో కూడా పాయింట్ల చర్చ వచ్చింది. నిధికి పాయింట్లున్న చోట అదే గది ముందు మనుషులు అరగంట కూర్చుని ప్లాన్ వేశారు, తాడెంత ఉంది, నూనె ఎంత ఉంది, కాపలావాడికి ఏం కావాలి అని. ఆ అరగంట కోసమే నేను ఈ గేమ్ రాశాను.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు ప్రతి ఒక్కరూ 'ఫైట్లలో ఇంకా ఆప్షన్లు కావాలి' అని రాస్తారు. వాళ్ళే ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తే షీట్ మీదున్న ఎనిమిది ఆప్షన్లలో ఒకటే పదేపదే వాడుతుంటారు. రాసింది అబద్ధమేం కాదు, ఆప్షన్లు ఉన్నాయన్న ధీమా వాళ్ళకి నిజంగానే కావాలి, అది కూడా ఒక ఇష్టమే. కాకపోతే నేను డిజైన్ చెయ్యాల్సింది చేతులు ఎటు వెళ్తున్నాయో చూసి, అందుకని ఫారాలు చదవడం మానలేదు గానీ టేబుల్ దగ్గర చూసినదానికే ఎక్కువ మార్కులేస్తున్నాను.

కాబట్టి నిర్ణయం ఇదీ. చంపినందుకు ఎక్స్‌పీ సున్నా. బయటికి తెచ్చిన నిధికి ఉంటుంది, మ్యాపులో లేని చోటు కనిపెడితే ఉంటుంది, పాత రాతల్లాంటివాటి అసలు అర్థం తేల్చితే ఉంటుంది. ఫైట్లు ఇష్టమైనవాళ్ళు బాధపడకండి, మంచి నిధి దగ్గర మంచి కాపలా ఎలాగూ ఉంటుంది, ఫైట్ బాగుంటే అది ఆడటంలోనే మజా ఉంది, పైన పాయింట్ల బోనస్ అక్కర్లేదు. రాక్షసుల చాప్టర్ తిరగరాయడానికి కారణం కూడా ఇదే, ప్రతి రాక్షసుడి పక్కనా ఉండే ఎక్స్‌పీ నంబర్ పోయింది కాబట్టి ఆ స్థానంలో 'దీనికి ఏం కావాలి, దేనికి భయపడుతుంది' అని రాస్తున్నాం. బేరమాడాలనుకున్న ప్లేయర్‌కీ, ఆట నడిపిస్తూ అప్పటికప్పుడు ఆ రాక్షసుడి గొంతుతో మాట్లాడాల్సిన గేమ్ మాస్టర్‌కీ పనికొచ్చేది అదే. నంబర్ కొట్టెయ్యడం చిటికెలో పని, ఈ లైన్లు రాయడం మాత్రం కాదు, ఒక్కోదానికి ఆలోచించాలి.

మైల్‌స్టోన్ పద్ధతి ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు, అంటే కథలో ఫలానా చోటికి రాగానే అందరికీ లెవెల్. అది గేమ్ మాస్టర్‌కి చాలా సుఖం, లెక్కలుండవు, ముందే రాసిపెట్టిన పెద్ద కథకి బాగా కుదురుతుంది. మన గేమ్‌లో ఎటు వెళ్ళాలో ప్లేయర్లు తేల్చుకుంటారు, 'రిస్క్ తీసుకుని ఇంకో గది చూద్దామా, ఇంటికెళ్దామా' అన్న ప్రశ్నకి బరువు రావాలంటే ఆ గదికి ఒక ధర ఉండాలి. బుక్‌లో మైల్‌స్టోన్‌కి ఒక పేజీ ఇచ్చాం, కావాల్సినవాళ్ళు వాడుకోండి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే గేమ్ దారి నాకు చాలా ఇష్టం, వాడిన స్కిల్‌కి టిక్ పెట్టుకుని తర్వాత 1 నుంచి 100 దాకా వచ్చే డైస్ వేసి ఇప్పుడున్నదానికంటే ఎక్కువ పడితేనే ఆ స్కిల్ పెరుగుతుంది, అంటే ఎంత బాగా వస్తే ఇంకా నేర్చుకోవడం అంత కష్టం. కానీ మన ప్లేటెస్టుల్లో టిక్ కోసమే అవసరం లేని స్కిల్స్ వాడటం మొదలైంది, అందుకని పక్కన పెట్టాను.

ఇక మిస్. మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 11 గానీ ఆపైన గానీ కావాలంటే సగం సార్లు మిస్సే, వరసగా మూడు టర్న్‌లు మిస్సయ్యే ఛాన్స్ 12.5%, ఐదుగురున్న టేబుల్లో టర్న్ మళ్ళీ తిరిగొచ్చేదాకా ఎదురుచూసి 'మిస్' అనిపించుకుంటే ఎవరికైనా నీరసం వస్తుంది. 2014లో వచ్చిన ఇంటు ది ఆడ్ అనే గేమ్ ఈ సమస్యని మొదట్లోనే తుంచేసింది, దెబ్బ తగిలిందా లేదా అన్న రోలే లేదు, నేరుగా డ్యామేజ్ డైస్ వేస్తారు, ఫైట్ భలే స్పీడుగా, భయంకరంగా ఉంటుంది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే గేమ్ ఇంకోలా వెళ్ళింది: రెండు ఆరు ముఖాల డైస్ వేస్తే 10 గానీ ఆపైన గానీ వస్తే పూర్తి గెలుపు, 7 నుంచి 9 దాకా గెలుస్తారు గానీ ఏదో ఒకటి వదులుకోవాలి, 6 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే చిక్కు. డైస్‌కి కలుపుకునే ప్లస్సులేం లేకపోతే ఆ మధ్యదీ కిందదీ చెరో 41.7% వస్తాయి, అంటే ఊరికే ఏమీ జరగని రోల్ అంటూ దాదాపు ఉండదు. రెండూ ప్రయత్నించి చూశాం. నాకు తేలిందేంటంటే జనానికి చిరాకు మిస్సవడం మీద కాదు, మిస్సయ్యాక ఏమీ మారకపోవడం మీద. అందుకని డీ20 ఉంచాం, మిస్ కూడా ఉంచాం, కానీ మిస్సయినప్పుడు ప్లేయర్‌కి ఒక ఎంపిక వస్తుంది: వదిలేసి వెనక్కి తగ్గొచ్చు, లేదా మూల్యం చెల్లించి ఆ దెబ్బ తగిలించొచ్చు, డాలు విరగ్గొట్టుకుంటారో, తనూ ఒక దెబ్బ తింటారో, నిలబడ్డ చోటు కోల్పోతారో వాళ్ళిష్టం. ఒక్క రూలే గానీ ఫైట్లో ఎవరూ ఫోన్ చూసుకోవట్లేదు ఇప్పుడు.

డీ20 బదులు మూడు ఆరు ముఖాల డైస్ పెట్టమన్నవాళ్ళకి కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ వాదన బలమైంది. మూడు డైస్ మీద 10 గానీ 11 గానీ పడే ఛాన్స్ 25%, 16 గానీ ఆపైన గానీ పడేది 4.6% మాత్రమే, అదే డీ20 మీద 25%. అంటే బాగా వచ్చినవాడు ఎప్పుడూ నిలకడగా ఉంటాడు, అదృష్టం తక్కువ ఆడుకుంటుంది. కానీ ఆ లెక్కలో ప్లస్ వన్ విలువ చోటుని బట్టి మారిపోతుంది: 11 కావాల్సిన చోట ప్లస్ వన్ వస్తే 50% కాస్తా 62.5% అవుతుంది, 17 కావాల్సిన చోట అదే ప్లస్ వన్ మూడు శాతం కూడా పెంచదు. డీ20లో మామూలుగా ఎక్కడైనా 5 శాతమే. మొదటిసారి ఆడేవాళ్ళు రిస్క్ చేతివేళ్ళ మీద లెక్కేసుకోగలగాలి నాకు, ప్లాన్ వెయ్యడమే ఆట అయినప్పుడు ఛాన్సులు కళ్ళకి కనపడాలి కదా.

చావు గురించి. చావు ఉంటుంది. నెలల తరబడి ఆడి ప్రేమించిన క్యారెక్టర్ పోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు, అయినా చావు తీసేస్తే పైన చెప్పిన ప్లాన్‌లన్నీ ఉత్తవే అయిపోతాయి. కానీ మీరు రాసినవి శ్రద్ధగా చదివితే ఎక్కువమంది కోపం చావు మీద కాదు, హెచ్చరిక లేకుండా వచ్చిన చావు మీద, పెట్టె తెరిచాడు, విషం సూది, ఒక రోల్, అయిపోయాడు. అది తీసేశాం. కొత్త రూల్ ప్రకారం ప్రాణం తీసే ప్రమాదం ఏదైనా సరే రోల్‌కి ముందే గేమ్ మాస్టర్ పైకి చెప్పాలి, 'ఇది చేస్తే చావొచ్చు' అని, ఆ తర్వాత కూడా చేస్తానంటే అది ప్లేయర్ తీసుకున్న నిర్ణయం. హిట్ పాయింట్స్ (ఇంకెన్ని దెబ్బలు తట్టుకోగలరన్న లెక్క) సున్నాకి వస్తే పక్కవాళ్ళకి కాపాడ్డానికి ఒక రౌండ్ టైముంటుంది. పోయినవాళ్ళు వెంటనే మళ్ళీ ఆటలోకి రావాలని క్యారెక్టర్ తయారీ ఒక పేజీకి కుదించాం. స్టాట్స్‌కి (బలం, తెలివి లాంటివాటి నంబర్లకి) డైస్ వెయ్యడమా, పాయింట్లు పంచుకోవడమా అన్న గొడవకి రెండూ బుక్‌లో పెట్టేశాం, టేబుల్ ఇష్టం.

మీ ఆర్డర్ల విషయం. ముందే బుక్ చేసుకున్నవాళ్ళెవరూ ఒక్క రూపాయి ఎక్కువ కట్టక్కర్లేదు, పేజీలు పెరిగినా సరే. రాక్షసుల చాప్టర్ లేకుండా మిగతా రూల్స్ పీడీఎఫ్ ముందుగా మీకే వస్తుంది. చంపితే ఎక్స్‌పీ లేదన్న కారణంతో ఎవరికైనా ఈ గేమ్ తమది కాదనిపిస్తే ఆర్డర్ క్యాన్సిల్ చేసుకోండి, మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాను, నేనేమీ అనుకోను. పాత క్యారెక్టర్లని కొత్త రూల్స్‌లోకి మార్చుకునే షీట్ ఫ్రీగా ఇస్తున్నాం.

పీడీఎఫ్ వచ్చాక ఒక్క సాయం చెయ్యండి. నచ్చిందా లేదా అన్నదొక్కటే కాకుండా, మీ టేబుల్ మిస్సయినప్పుడు ఎక్కువగా ఏం ఎంచుకుంది, డాలు వదులుకున్నారా, దెబ్బ తిన్నారా, నిలబడ్డ చోటు కోల్పోయారా, లేక వదిలేసి వెనక్కి తగ్గారా అన్నది రాయండి. ఒకటే అందరూ ఎంచుకుంటుంటే మిగతావాటి మూల్యం ప్రింట్‌కి వెళ్ళేలోపు సవరించాలి.