డ్రైఫ్రూట్ అడిగితే వట్టి బెల్లం రేకులు ఎందుకు వచ్చాయంటే

నమస్కారం. ఆత్రేయపురం నుంచి మా దగ్గర పూతరేకులు తెప్పించుకునే మీ అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. సంక్రాంతికి ముందు వాట్సాప్‌లో మేం పంపిన లింక్ నొక్కి "బెల్లం & డ్రైఫ్రూట్" ఆర్డర్ పెట్టిన 23 మందికి వట్టి బెల్లం రేకులు వెళ్లాయి. డబ్బు మాత్రం డ్రైఫ్రూట్ రేటే తీసుకున్నాం.

రేకులు చుట్టి పెట్టెల్లో సర్దిన మా ఆడవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. చీటీ మీద "బెల్లం" అనే పడింది. అలా ఎందుకు పడిందంటే, లింక్‌లో ప్రశ్నార్థకం తర్వాత రకం, పెట్టెలు, రేటు ఉంటాయి. ఒక వివరం అయిపోయి ఇంకోటి మొదలైందని సర్వర్‌కి చెప్పేది & గుర్తే. మా రకం పేరులోనే ఆ గుర్తు ఉంది. దాంతో "బెల్లం" దగ్గర పేరు అయిపోయిందనుకుని, "డ్రైఫ్రూట్"ని వేరే వివరంగా పక్కన పెట్టేసింది.

సైట్‌ని ఫ్లాస్క్ (పైథాన్‌లో వెబ్‌సైట్లు రాసుకునే సాధనం) మీద మా మేనల్లుడు రాశాడు. సైట్‌లోని ఫారం నుంచి వచ్చిన ఆర్డర్లు సరిగ్గానే వెళ్లాయి, ఎందుకంటే ఫారం ఆ గుర్తుని %26గా మార్చి పంపుతుంది. పండగ హడావుడిలో వాట్సాప్ లింకులు నేనే చేత్తో టైప్ చేశాను. తెలుగు అక్షరాలనైతే బ్రౌజరే మార్చుకుంటుంది, ఒక్క "ప"కి తొమ్మిది గుర్తులు అవుతాయి. & పేరులో భాగమో కాదో దానికి ఎలా తెలుస్తుంది? అందుకే ముట్టుకోదు.

వెతుకుతుంటే ఇంకో తప్పు బయటపడింది. లింక్‌లో రేటు 600 చెరిపి 60 అని పెట్టినా మా సైట్ ఒప్పుకునేది! ఆ రాత్రంతా టెన్షన్‌తో లెక్కలు సరిచూశాం. ఎవరూ అలా చేయలేదు.

ఇప్పుడు లింక్‌లో రకానికి చిన్న కోడ్, పెట్టెల సంఖ్య, అంతే. రేటు మా సర్వర్‌లోని పట్టీ నుంచే వస్తుంది. తెలియని కోడ్ వస్తే సైట్ ఊహించి పంపదు, మళ్లీ ఎంచుకోమంటుంది. పెట్టెల దగ్గర 1 నుంచి 50 లోపు అంకె లేకపోతే ఆర్డర్ తీసుకోదు.

తేడా డబ్బు 23 మందికీ నిన్ననే వెనక్కి వేశాం. ఒకావిడ ఆ పెట్టెలు వియ్యాలవారింటికి సారెలో పంపారు. ఆవిడ ఫోన్‌లో బాధపడుతుంటే నాకు మాట రాలేదు. డబ్బుతో తీరేది కాదది. అందుకే ఆవిడతో పాటు మిగిలిన అందరికీ ఈ వారం డ్రైఫ్రూట్ రేకులు కొత్తగా చుట్టి మా ఖర్చుతో పంపుతున్నాం.

పాత లింకులు ఇక పనిచేయవు, దయచేసి తీసేయండి. డబ్బు ఇంకా పడకపోతే చీటీ ఫోటో మా వాట్సాప్‌కి పెట్టండి, నేనే చూస్తాను.