అమ్మడూ, మీ అమ్మ సంగతులు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వు, అల్లుడుగారు, చంటిది క్షేమమని తలుస్తాను. అమ్మమ్మ ఎలా ఉండేదని చంటిది ఊరికే అడుగుతోందన్నావు. ఫోన్లో చెప్పబోతే నాకు గొంతు పట్టేస్తోంది. అందుకే కాగితం పట్టుకున్నాను. దానికి అర్థమయ్యేలా నువ్వు చెబుదువుగాని.

మీ అమ్మది మాధవరం. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎవర్నడిగినా మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. ఇప్పటికీ అక్కడ ఫౌజీ లేని గడప దొరకడం కష్టం. పెళ్ళిచూపుల్లో మా అమ్మ "అబ్బాయి ఏడాదికి రెండు నెలలే ఇంటిపట్టున ఉంటాడమ్మా" అని నసిగితే, "మా నాన్నా అంతేనండి, ఆ రెండు నెలలూ మా ఇంట్లో పండగే" అంది మీ అమ్మ. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ఫిరంగిదళం శిక్షణలో ఎన్ని దెబ్బలు తిన్నా కిమ్మనని వాణ్ణి, ఆ మాటకి తల ఎత్తలేకపోయాను.

రెండు మూడేళ్ళకోసారి రెజిమెంటు కదిలేది. నల్ల ట్రంకు పెట్టెల మీద నంబరు, ర్యాంకు, పేరు తెల్ల పెయింటుతో రాయాలి. ఓసారి పెయింటరు మన ఇంటిపేరు తప్పు రాశాడని, అప్పట్నుంచీ కుంచె తనే పట్టింది. ఇంగ్లీషు అక్షరాలు అచ్చు గుద్దినట్టు వచ్చేవి. ఒక పెట్టె మూల మాత్రం చిన్నగా తెలుగులో "ముందు ఇది" అని రాసుకుంది. అందులో స్టవ్వు, పాలగిన్నె, ఆవకాయ జాడీ, దేవుడి పటం, ఒక పూల తెర, నీ బొమ్మలు. కొత్త క్వార్టరుకి ఏ అర్ధరాత్రి చేరినా ముందు పాలు పొంగించి, తెర కట్టి, నీ బొమ్మల్ని కిటికీలో వరసగా కూర్చోబెట్టేది. నువ్వు లేచేసరికి అది మన ఇల్లు. ఊరు మారిందని నువ్వు ఏడ్చిన గుర్తు నాకు లేదు.

వారం తిరక్కుండా ఆ బ్లాకులో ఆడవాళ్ళంతా మనింట్లోనే ఉండేవాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన గోంగూర విత్తనాలు డాల్డా డబ్బాల్లో వేసి పంజాబీవాళ్ళకి పప్పు అలవాటు చేసింది. ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకుని వాళ్ళు మొహాలు పెడితే పడీ పడీ నవ్వేది. ఫ్యామిలీ వెల్ఫేర్ మీట్‌లో తంబోలా నంబర్లు చదవాలంటే అందరూ మీ అమ్మనే పిలిచేవాళ్ళు. తన హిందీలో సగం తెలుగే. అయినా ఎవరికీ అడ్డం రాలేదు.

1999 కార్గిల్ యుద్ధం సంగతి నీకు సరిగా తెలీదు, అయిదేళ్ళ పిల్లవి. మిమ్మల్ని జలంధర్‌లో ఉంచి నేను ద్రాస్ వెళ్ళాను. జూన్ 13న తోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్ శిఖరాలు మనవాళ్ళ చేతికొచ్చాయి. కింద మేము రాత్రీ పగలూ గన్నుల దగ్గరే. కేరాఫ్ 56 ఏపీఓ అని మిలటరీ పోస్టాఫీసు అడ్రసుకి మీ అమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఆలస్యంగానైనా వచ్చేవి. అన్నీ దాచాను. ఒకదాంట్లో నీకు ముందు పన్ను ఊడిందనీ, పైకప్పు మీదికి విసరబోతే పక్కింటి వాటర్ ట్యాంకులో పడిందనీ, నువ్వు ఆ ట్యాంకు నీళ్ళు తాగనని మొండికేశావనీ రాసింది. అది పైకి చదివితే మా గన్ను జట్టు, డిటాచ్‌మెంట్ మొత్తం నవ్వింది. తర్వాత రెండు రోజులూ "పాప మంచినీళ్ళు తాగిందా సార్" అని అడుగుతూనే ఉన్నారు కుర్రాళ్ళు.

మీ అమ్మ పెద్దకర్మ అయ్యాక, జలంధర్‌లో మన బ్లాకులో ఉన్న గఢ్వాల్ ఆంటీ డెహ్రాడూన్ నుంచి ఫోన్ చేసింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ నెలల్లో బ్లాకులో ఎవరూ ఒంటరిగా వార్తలు చూడకూడదని మీ అమ్మ కట్టడి చేసిందట. టీవీ ఉన్నవాళ్ళు కూడా ఆ వేళకి పిల్లల్నేసుకుని మనింటికే రావాలి. చదువు రానివాళ్ళకి ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబులు రాయడం అన్నీ అక్కడే. ఒకరోజు మధ్యాహ్నం మిలటరీ జిప్సీ జీపు ఒకటి వచ్చి బ్లాకు ముందు ఆగింది. ఆఫీసరుగారి భార్య కూడా దిగిందంటే ఎందుకో ఆడవాళ్ళందరికీ తెలుసు. మీ అమ్మ మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడిపోయిందట. వాళ్ళు మన గుమ్మం దాటి పై అంతస్తుకి వెళ్ళారు. ఆ ఇంటావిడ పుట్టింటివాళ్ళు వచ్చేదాకా మీ అమ్మ ఆమెని వదల్లేదు. ఆ ఇద్దరు పిల్లలూ మనింట్లోనే తిన్నారు, నీ పక్కనే పడుకున్నారు. ఆ యుద్ధంలో మనవాళ్ళు 527 మంది పోయారు. అలాంటి కబురు అన్ని గుమ్మాలకి వెళ్ళింది.

ఫోన్ పెట్టేసి ఉత్తరాలన్నీ తీసి తేదీలు చూశాను. నీ పన్ను ఉత్తరం ఆ వారంలోదే.

అది నటన అని నువ్వు అనుకోకు. నలభై ఏళ్ళు చూసినవాణ్ణి, ఆ నవ్వు నిజమైనదే. గన్ను దగ్గర ఉన్నవాడికి ఏ కబురు పనికొస్తుందో ఆలోచించి రాసిందంతే. పన్ను ఊడిందీ నిజమే కదా. నా గుండెకి ఆ ఉత్తరం ఎంత ఊపిరిచ్చిందో నాకు తెలుసు.

2001 డిసెంబరులో మళ్ళీ బోర్డరు. ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో పది నెలలు ఇసకలోనే ఉన్నాం. ఆ ఏడాది గురించి నిన్నడిగితే సైకిలు నేర్చుకున్నానంటావు. వెనకాల సీటు పట్టుకుని పరుగెత్తింది మీ అమ్మే.

ఒంట్లో బాగోలేని రోజుల గురించి రాయను, అవి నువ్వూ చూశావు. ఒక్కటి మాత్రం చంటిదానికి చెప్పు. 2022లో ద్రాస్‌లోని పాయింట్ 5140 అనే కొండకి మా ఫిరంగిదళం గన్నర్ల పేరు మీద గన్ హిల్ అని పేరు పెట్టారు. ఆ వార్త చూసి, కీమో చేయించుకుని వచ్చిన మనిషి, నా చేత ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి వీధంతా పంచింది. "మా ఆయన కొండ" అని చెప్పుకుంది. నేను ఆ కొండ ఎక్కలేదే అంటే వినదు.

ఉత్తరాలన్నీ జిరాక్స్ తీయించి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అసలువి నా దగ్గరే ఉంటాయి, ఏమనుకోకు. గఢ్వాల్ ఆంటీ నంబరు వాట్సాప్‌లో పెట్టాను. ఆదివారం పొద్దున్న చెయ్యి, చంటిదాన్ని కూడా మాట్లాడించు. ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది, ముందే చెప్పు, బెదిరిపోగలదు. మీ అమ్మ పెట్టే ఆవకాయ కావాలని ఆవిడ అడుగుతోంది. ఈసారి కాయ దిగగానే నేనే కలుపుతాను, కొలతలు నాకు తెలుసు.

ఆశీస్సులతో,
మీ నాన్న